ఒక అంగీ తక్కువ

కొల్లాపూర్,
డిసెంబరు మొదటి వారం

రూతమ్మకు, నీ ఆడబిడ్డ పెంటమ్మ రాస్తున్నది.

ఈ ఉత్తరం సగం చదివి పక్కన పడేయకు. నా చెవులు మంచిగా ఉంటే ఫోన్‌లోనే నిన్ను పట్టుకునేదాన్ని. ఫోన్ చెవికి పెట్టుకుంటే నాకు గాలి తప్ప ఇంకేమీ వినపడదు. మనిద్దరం రాత్రిబడిలో నేర్చుకున్న నాలుగు అక్షరాలు ఇన్నేళ్లకు ఇట్లా పనికొస్తున్నాయి.

మన సౌందర్య చదివిన యూనివర్సిటీ నుంచి కాగితం వచ్చింది. అక్కడ చేరేటప్పుడు, అత్త ఇల్లు దగ్గర అని పిల్ల నా అడ్రసే ఇచ్చింది కదా, అందుకని నాకొచ్చింది. ఇంగ్లీషులో ఉంటే పక్కింటి మహేందర్ చదివి చెప్పాడు. అచ్చంపేట దాటినాక కొండ కింద ఉన్న ఆ యూనివర్సిటీలో కొత్తగా కళాకేంద్రం కట్టారట. జనవరి చివర్లో తెరుస్తారట. అక్కడ బొమ్మల చదువు చదివిన పిల్లలు చేసినవన్నీ గోడలకు పెట్టి జనానికి చూపిస్తారట. మన పిల్లవి కూడా. తల్లిదండ్రులు తప్పకుండా రావాలని రాశారు.

పోదాం. నేను బస్సులన్నీ విచారించి పెట్టాను. నువ్వు మానవపాడు నుంచి పెబ్బేరు, వనపర్తి మీదుగా నాగర్‌కర్నూల్‌కు రా. నేను కొల్లాపూర్ నుంచి అక్కడికే వస్తాను. బస్టాండ్లో కలుసుకుందాం. ఆధార్ కార్డు తెచ్చుకో, ఆడవాళ్లకు టికెట్ లేదు. ఎట్లాగూ అంత దూరం పోతున్నాం కాబట్టి ఉమామహేశ్వరం, మన్ననూరు, అమ్రాబాద్ కూడా చూసి వద్దాం. కొండ మీద ఊర్లు చల్లగా ఉంటాయి. అమ్రాబాద్‌లో నాతో మామిడి తోటలో పనిచేసినామె ఉన్నది, వాళ్ల ఇంట్లో పడుకోవచ్చు.

వెంటనే జవాబు రాయి. 'చూద్దాం' అని మాత్రం రాయకు.

పెంటమ్మ


మానవపాడు,
అదే నెల

వదినకు రూతమ్మ వందనాలు.

ఇక్కడ అంతా క్షేమం అని మొదలుపెట్టాలట ఉత్తరం. చేయి రావటం లేదు. అందుకని ఆ ముక్క వదిలేస్తున్నాను.

నేను రాను వదినా. చూద్దాం అని కూడా రాయటం లేదు. రాను. పిల్ల బతికి ఉన్నప్పుడు ఎన్నిసార్లు పిలిచింది? "అమ్మా, ఒక్కపారి వచ్చి చూడే, మా కాలేజీ ఎనక కొండ ఉంటది, కొండ మీద మబ్బు కూసుంటది" అనేది. ప్రతిసారీ మిరపకాయలే అడ్డం వచ్చాయి. తెంపుడు కాలంలో ఒక్కరోజు మానితే గుంపులో పేరు తీసేస్తారని భయం. ఇప్పుడు పిల్ల లేదు. ఇప్పుడు పోయి ఆ గోడలను, ఆ మబ్బును చూసి నేనేం చేయాలి?

ఇంకా నీకేమో ఉమామహేశ్వరం కావాలి, అమ్రాబాద్ కావాలి. నేను బిడ్డను మట్టిలో పెట్టి ఏడాది కాలేదు. నువ్వు నాకు తీర్థయాత్ర రాసి పంపిస్తున్నావు. నీకు చెవులే అనుకున్నాను, ఇంకేదో కూడా పనిచేయటం లేదు. కోపం వస్తే రానీ.

మీ తమ్ముడి సంగతి అడగకు. అన్నం గిన్నె ఆయన ముందు పెడతాను, నోరు మాత్రం విప్పను. పిల్ల నాగర్‌కర్నూల్ దవాఖానలో ఉన్నదని ఫోన్ వస్తే, "జొరమే గదనే, తగ్గుతదిలే, ఈ చేను తెంపుడైనంక ఇద్దరం పోదాం" అన్నాడు ఆ పెద్దమనిషి. చేను తెంపటం అయ్యేలోపు పిల్ల అంబులెన్సులో తానే ఇంటికి వచ్చింది. ఆనాటి నుంచి ఆయనకూ నాకూ మాట లేదు. పొలానికి పోతున్నానని చెప్పాలన్నా కోళ్లతో చెప్తాను, ఆయన వింటాడు.

ఆ కాగితం నీ దగ్గరే ఉంచుకో.

రూతమ్మ


కొల్లాపూర్,
క్రిస్మస్‌కు ముందు

పిల్లా రూతూ,

నువ్వు తిట్టింది మొత్తం చదివాను. నీ అక్షరాలు మునుపటి కంటే మంచిగయ్యాయి. కోపంలో గుండ్రంగా రాస్తావు.

ఇప్పుడు బస్సుల సంగతి విను. నాగర్‌కర్నూల్ నుంచి అచ్చంపేటకు బస్సులు మస్తుగా ఉన్నాయి. అక్కడి నుంచి యూనివర్సిటీ ముందర ఆగే బస్సు పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి. సద్ది కట్టుకొని రా, నేను పచ్చడి తెస్తాను. ఉమామహేశ్వరంలో నేను మొక్కుకుంటాను, నువ్వు మీ యేసును మొక్కుకో. కొండ ఇద్దరినీ మోస్తుంది, దానికేం బరువు? అమ్రాబాద్ నుంచి పదర పోవచ్చని కూడా చెప్తున్నారు. అది కూడా కలిపాను.

అసలు సంగతి ఇంకొకటి ఉంది. ఆ కాలేజీలో పిల్లకు చదువు చెప్పిన అమూల్య మేడం మళ్లీ రాసింది. ఈసారి తెలుగులో రాసింది, నేనే చదువుకున్నాను. సౌందర్య పరీక్ష కోసం చేసిన వాటిలో పెద్దది ఒక బొంత అట. ఎక్కడెక్కడో అడిగి తెచ్చిన పాత అంగీలను ఒకదానికొకటి కుట్టి చేసిందట. మిరపచేలల్లో ఆడవాళ్లు ఎండకు, ఘాటుకు చీర మీద తొడుక్కుంటారే మొగవాళ్ల అంగీలు, అవే. పిల్ల పోయినప్పుడు హాస్టలు వాళ్లు సామాను సందూకలో పెట్టి ఇంటికి పంపేటప్పుడు ఆ బొంత కూడా అందులోనే పెట్టారట. 'దానికోసం ఒక గోడ మొత్తం ఖాళీగా ఉంచాము, వచ్చేటప్పుడు తప్పకుండా తీసుకురండి' అని రాసింది.

నీ దగ్గరే ఉన్నది కదా? ఎలుకలు కొట్టకుండా జాగ్రత్తగా చూడు. ఇక రాను అనటానికి లేదు. గోడ ఖాళీగా ఉంచారు.

పెంటమ్మ


మానవపాడు,
క్రిస్మస్ తెల్లారి

వదినా,

తల గోడకు కొట్టుకోవాలని ఉంది. నీకు గాక ఇంకెవరికి చెప్పుకోవాలి?

ఆ సందూక వచ్చిన నాడు నాకు తెలివి ఎక్కడున్నది? చర్చివాళ్లు పెట్టిన ఆదరణ కూటం అయినాక, పోయినవాళ్ల బట్టలు పెట్టెలో దాచి పెట్టుకుంటే ఇల్లు తేరుకోదు, ఎవరికైనా ఇచ్చెయ్యాలి అన్నారు పెద్దవాళ్లు. సందూక తెరిచాను. పైన పిల్ల డ్రెస్సులు. అవి రజిత బిడ్డకు ఇచ్చాను. కింద చూస్తే అన్నీ పాత అంగీలే. చేతికి చేయి, అంచుకు అంచు కలిపి కుట్టి ఉన్నాయి. నేను ఏమనుకున్నానంటే, పిల్ల నాకోసం బొంత మొదలుపెట్టి సగంలో విడిచిందనుకున్నాను. ఆ కుట్టు నేను నేర్పిందే. ఎదురుగా ఉంచుకోలేకపోయాను. అప్పుడు తెంపుడు నడుస్తున్నది, గుంపులో ఆడవాళ్లకు అంగీలు చినిగి ఉన్నాయి. అందరం అరుగు మీద కూర్చుని కుట్లు విప్పి, ఎవరికి సరిపోయింది వాళ్లకు పంచాను. "మంచి పని చేసినవ్ రూతక్కా, పిల్ల పేరు మీద పుణ్యం" అన్నారు అందరూ.

గోడ మీద పెట్టేది నేను చేలో పంచాను వదినా! అప్పటి నుంచి ఈ ఊరి ఆడవాళ్లు నా బిడ్డ పరీక్షను ఒంటి మీద వేసుకొని మిరపకాయలు తెంపుతున్నారు. ఆ మేడంకు ఏమని చెప్పాలి?

కానీ నాకు ఆమె మీద కూడా కోపమే. అది అంత పెద్ద పనైతే సందూక మీద ఒక ముక్క రాసి అంటించకూడదా? సామాను పంపేటప్పుడు మందు డబ్బాకు కూడా పేరు రాశారు. పాత అంగీలను చూసి కూలి మనిషి ఏమనుకుంటుంది? గోడ గుర్తుకొస్తుందా, చేను గుర్తుకొస్తుందా?

నిన్న చర్చి దగ్గర రజితను పట్టుకున్నాను. మా గుంపును తీసుకుపోయేది ఆమే. అంగీలు వాపసు కావాలన్నాను. "ఇచ్చిన బట్టలు మళ్ల అడుగుతరా అక్కా? మా ఆయన తన కోసమే తెచ్చిననుకొని దానికి గుండీలు గూడ కుట్టించిండు" అన్నది. నవ్వాలా ఏడవాలా తెలియలేదు.

ఏం చేయాలో తొందరగా రాయి. బస్సుల సంగతి మాత్రం రాయకు.

రూతమ్మ


కొల్లాపూర్,
కొత్త సంవత్సరం

రూతమ్మా,

నీ తెలివికి దండం. కుట్టింది విప్పటానికి మాత్రం ఊరు ఊరంతా అరుగు మీద కూర్చున్నారా? ఒక్కదానికైనా, ఎందుకు కుట్టింది అన్న ఆలోచన రాలేదా?

సరే, అయిందేదో అయింది. మేడంకు నేను రాశాను. 'బొంత భద్రంగా ఉన్నది, కొంచెం ఉతకాలి' అని రాశాను. నువ్వు కళ్లెర్ర చేయకు, ఇప్పుడే నిజం చెప్తే ఆ గోడ ఇంకొకరికి ఇచ్చేస్తారు. నువ్వు ఇల్లిల్లూ తిరిగి అంగీలు తీసుకో. ఊరికే అడిగితే ఇవ్వరు. దానికి బదులు ఇంకొక పాత అంగీ ఇస్తానను. మా ఇంట్లో మీ అన్నయ్యవి ఉన్నాయి, ఆయన పోయినాక ముట్టుకోలేదు. ఒక సంచిలో కట్టి గద్వాల బస్సు డ్రైవరుకు ఇస్తున్నాను, ఎర్రవల్లి క్రాస్ రోడ్డు దగ్గర దించుతాడు. నువ్వే పోయి తీసుకో, ఎవరినో పంపకు.

పదర పోయే బస్సు సాయంత్రం లేదట. కాబట్టి అమ్రాబాద్‌లో రెండు పూటలు ఉందాం.

పెంటమ్మ


మానవపాడు,
జనవరి, తెంపుడు మొదలైన వారం

వదినా,

సంచి అందింది. అన్నయ్య అంగీలు ఇంకా పొగాకు వాసన వస్తున్నాయి. వాటిని చూసి ఈ ఊరి ఆడవాళ్లకు దుకాణం తెరిచినట్టయింది. ఒకామె నీలం రంగు కావాలంటుంది, ఒకామె దీనికి జేబు లేదంటుంది. "మాకు జేబెందుకంటవా రూతక్కా, ఫోన్ ఎక్కడ పెట్టుకోవాలె?" అంటుంది.

ఇల్లిల్లూ తిరిగేసరికి నా కాళ్లు నావి కాకుండా పోయాయి. ఒక అంగీని మందు కొట్టే ట్యాంకు తుడవటానికి వాడారు. దాన్ని మూడుసార్లు ఉడకబెట్టాను. ఒకదానికి చేతులు కత్తిరించి పిల్లగాడికి నిక్కరు కుట్టింది మహాతల్లి. నిక్కరు విప్పించి తెచ్చాను, వాడు బజారంతా ఏడ్చాడు. ఇంకొకటి కురుమూర్తి జొన్నచేలో పిట్టల బొమ్మకు తొడిగి ఉంది. అడిగితే, "ఇయ్య. పిట్టలు దానికే భయపడ్తున్నయ్. నా బనీను తొడిగితే దాని నెత్తి మీదనే కూసున్నయ్" అన్నాడు. "నీ ముఖం చూస్తే భయపడవా?" అన్నాను. నవ్వి ఇచ్చేశాడు. చాలా రోజుల తర్వాత ఎవరినో నవ్వించాను. నాకే చిత్రమనిపించింది.

రాత్రీ పగలూ అదే పని. పొలం నుంచి వచ్చి కుడుతున్నాను. ఒక సంగతి చెప్తాను విను. కుట్లు విప్పినా సూది బెజ్జాలు గుడ్డ మీద అట్లాగే ఉన్నాయి. పిల్ల పోనిచ్చిన బెజ్జంలో నుంచే నేను సూది పోనిస్తున్నాను. ఏ అంగీ పక్కన ఏది రావాలో బెజ్జాలే చెప్తున్నాయి. పిల్ల ఎక్కడ తొందరపడిందో, ఎక్కడ నిదానంగా కుట్టిందో తెలుస్తున్నది. కొన్నిచోట్ల మరీ దూరం దూరం వేసింది. "ఏందే గిట్ల కుట్టినవ్, నేను గిట్లనే నేర్పిన్నా?" అని తిడుతున్నాను. మీ తమ్ముడు వాకిట్లో నుంచి చూస్తాడు. ఏమనుకుంటాడో అనుకోనీ.

అన్నీ దొరికాయి, ఒక్కటి తక్కువ. సరిగ్గా నడుమ ఉండేది. అది ఉన్నామె ఇవ్వనంటున్నది. బతిమాలినా లాభం లేదు. ఆ ఒక్కటి లేకుండానే తెస్తాను. మేడంకు నువ్వే సర్ది చెప్పు.

వస్తాను అని రాశానా? రాశాను. యూనివర్సిటీ దాకే. కొండలు నువ్వు ఎక్కు.

రూతమ్మ


కొల్లాపూర్,
జనవరి

పిల్లా,

ఎవరామె? పేరు రాయి. అన్నీ ఇచ్చినవాళ్లు ఉన్నారు, ఈమెకేం వచ్చింది? చచ్చిన పిల్ల కుట్టింది, తల్లి వచ్చి అడుగుతున్నది, ఇవ్వనంటుందా? ఎంత గుండె! రజితకు చెప్పి గుంపులో నుంచి తీసేయించు. లేదంటే నేనే మానవపాడు వచ్చి ఆమె ఒంటి మీద నుంచి గుంజుకొస్తాను. నాకు చెవులు వినపడవు కాబట్టి ఆమె ఎంత తిట్టినా నాకేం కాదు. నడుమ బొక్క పెట్టుకొని బొంత ఎట్లా చూపిస్తారు?

కొండల దగ్గర మాత్రం మొండికేయకు. మా తమ్ముడు మల్లేశ్ ఇక్కడికి వచ్చి అంత చెప్పి పోయాడు, 'అక్కా, దాన్ని ఒక నాలుగు దినాలు ఎటన్న తీసుకపో, ఆ మబ్బు కూసునే కొండన్న చూపియ్, నేను పిలిస్తే రాదు' అని. వాడు ఎప్పుడూ నా ముందు ఏడవలేదు రూతూ. అందుకే అమ్రాబాద్ అన్నాను, పదర అన్నాను. నాకు మాత్రం ఈ మోకాళ్లతో కొండలెక్కాలని ఉన్నదా?

ఇది రాయకూడదనుకున్నాను. రాసేశాను. కొట్టేస్తే కాగితం ఖరాబవుతుందని వదిలేశాను.

పెంటమ్మ


మానవపాడు,
జనవరి

వదినా,

చదివాను. రెండుసార్లు చదివాను.

మీ తమ్ముడు బస్సెక్కి కొల్లాపూర్ దాకా వచ్చి, చెవులు వినపడని అక్కకు ఊరందరూ వినేటట్టు అరిచి చెప్పాడా? పక్క మంచం మీద పడుకునే నాకు చెప్పటానికి నోరు రాలేదా? ఇదెక్కడి మనిషి వదినా? ఎవరితోనో చెప్పించి, ఎవరి మొక్కు పేరో పెట్టి, నన్ను మేకపిల్లను తోలుకుపోయినట్టు కొండలకు తోలుదామనుకున్నారా ఇద్దరూ? నేనేమో నీకు దేవుడి పిచ్చి పట్టిందని ఇన్నాళ్లూ నిన్ను తిట్టుకున్నాను.

నేను మాట్లాడకపోతే ఆయన మాట్లాడకూడదా? ఏడాది నుంచి నేను కోళ్లతో మాట్లాడుతున్నాను. ఆయన ఒక్కరోజన్నా ఆ కోళ్లకైనా జవాబు చెప్పాడా?

పొద్దున పోయి బొంత ఇచ్చి, మాపటికి వెనక్కి వస్తాను. కొండ లేదు, అమ్రాబాద్ లేదు. నువ్వు నాగర్‌కర్నూల్ బస్టాండ్లో నిలబడు.

ఆ అంగీ ఇవ్వనామె పేరు అడగకు. నేను చెప్పను. ఆమెను ఏమీ అనకు. ఆమెకు ఆ పిల్లవి ఇంకేమీ మిగలలేదు.

రూతమ్మ


కొల్లాపూర్,
ప్రయాణానికి ముందు

రూతమ్మకు,

కాలు బెణికింది. నేను రాలేను. నువ్వు ఒక్కదానివి ఆ బరువు మోయలేవు, మల్లేశ్‌ను వెంటబెట్టుకొని పో. ఆ అంగీ ఎవరి దగ్గర ఉన్నదో నాకు తెలిసిపోయింది. నేనేమీ అనను.

పచ్చడి బస్సులో పంపిస్తున్నాను.

పెంటమ్మ


అమ్రాబాద్,
జనవరి ఆఖరు

వదినా,

నీ స్నేహితురాలి ఇంటి అరుగు మీద కూర్చుని రాస్తున్నాను. వేళ్లు కొంకర్లు పోతున్నాయి. చల్లగా ఉంటుందని రాశావు గాని, ఇంత చలి అని రాయలేదు.

మొత్తం చెప్తాను. నువ్వు వచ్చి ఉంటే చెప్పే బాధ నాకు తప్పేది.

బస్సులో నేను ముందర కూర్చున్నాను. ఆయన బొంత మూట ఎత్తుకొని వెనక నిలబడ్డాడు. వనపర్తి దాటినాక కండక్టరు వచ్చి, "టికెట్ కొన్నాయన నిలబడ్డడు, టికెట్ లేనామె సీట్ల కూసున్నది. ఇదేం రాజ్యం పెద్దమనిషీ?" అన్నాడు. బస్సంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. నేనూ నవ్వలేదు. మా ఇద్దరిదీ ఒకే ఇల్లని కూడా కండక్టరుకు తెలియదు.

యూనివర్సిటీ నిజంగానే కొండ కింద ఉన్నది. కళాకేంద్రం అంటే ఏమో అనుకున్నాను, పత్తి గోదాము లాగా ఎత్తుగా ఉన్నది, లోపల మాత్రం తెల్లగా, చప్పుడు లేకుండా. అమూల్య మేడం చిన్న వయసు మనిషి. నన్ను చూసి చేతులు పట్టుకున్నది. ఆమె మీద ఉన్న కోపం కొంచెం తగ్గింది. బొంతను గోడకు ఎక్కించారు. ఎంత పెద్దగా ఉన్నదో వదినా, ఇంట్లో మడతలు పెట్టి కుడితే తెలియలేదు. మన గుంపు మొత్తం చేతులు చాపి, ఒకరి చేయి ఒకరు పట్టుకొని వరసలుగా నిలబడ్డట్టు ఉన్నది. నడుమ మాత్రం బొక్క. అందులో నుంచి గోడ కనపడుతున్నది.

నేను తలకాయ దించుకొని, "ఒకటి తక్కువైంది మేడం" అన్నాను. ఆమె కళ్లు తుడుచుకొని, "ఫర్వాలేదమ్మా, ఆ ఖాళీ అట్లనే ఉండనియ్యండి. చూసినవాళ్లకు సౌందర్య లేని లోటు తెలుస్తుంది" అన్నది. పక్కన ఉన్న సార్లు కూడా అవునవును, ఇదే బాగుంది అన్నారు. ఒకాయన ఆ బొక్కకు ఫోటో తీశాడు.

నాకు ఎక్కడ లేని మంట లేచింది. "ఏం బాగున్నది సారూ? బొంతకు బొక్క ఉంటే చలి పెడతది. నా బిడ్డ బొక్క పెట్టి కుట్టలే. నేను నేర్పిన బొంత అది. దించుండ్రి కిందికి!" అన్నాను. అంత గట్టిగా అరిచానని అరిచినాకే తెలిసింది.

ఆ అంగీ నా ఒంటి మీదే ఉన్నది వదినా. చీర మీద తొడుక్కునే పోయాను. మీ తమ్ముడి పాత అంగీ. తెంపుడుకు వేసుకునే అంగీ కనపడటం లేదని పోయిన ఏడు ఇల్లంతా వెతికి, పిల్లకు ఫోన్ చేసి తిట్టాను. అది కిసకిసా నవ్వింది గాని చెప్పలేదు. సందూక తెరిచిన నాడు అది నడుమ కనపడింది. అదొక్కటే ఎవరికీ ఇవ్వలేదు. అంచులకు పిల్ల వేసిన కుట్లు కొన్ని విప్పకుండా ఉంచుకున్నాను. వేళ్లతో తడుముకుంటూ ఉంటాను. అది కూడా గోడకు పెట్టేస్తే ఇక నా దగ్గర ఏముంటుంది అనుకున్నాను. ఆ బొక్కను చూసి అందరూ మెచ్చుకుంటుంటే మాత్రం తట్టుకోలేకపోయాను. మిగతా ఆడవాళ్లందరి అంగీలు ఉన్నాయి, నాది లేదు. నేను చేతులు కట్టుకొని దూరంగా నిలబడ్డట్టు ఉన్నది. పిల్ల నన్ను నడుమ పెట్టింది.

విప్పాను. సూది అడిగాను. అంత పెద్ద కట్టడంలో సూది లేదు! చివరికి హాస్టలు ఆడపిల్ల ఒకతి తెచ్చింది. బొంతను నేల మీద పరిచారు. పెద్దవాళ్లు రిబ్బను కత్తిరించడానికి గుమ్మం బయట నిలబడి ఉన్నారు. మేడం పోయి కొంచెం ఆగమని చెప్పింది. దారం సూదిలోకి ఎక్కటం లేదు. తడి చేసి ఎన్నిసార్లు పెట్టినా పక్కకే పోతున్నది. "ఇటియ్యి" అని ఎవరో గుంజుకున్నారు. చూస్తే మీ తమ్ముడు. నేల మీద కూర్చుని, సూదిని వెలుగుకు పెట్టి, దారం ఎక్కించి ఇచ్చాడు.

"అంత పొడుగు దారమా? చిక్కుపడదా?" అన్నాను.

అదీ వదినా, ఏడాదికి నేను ఆయనతో అన్న మొదటి మాట. దారం తిట్టు.

ఆయన దారం సగానికి తెంపాడు. నేను కుడుతుంటే అంగీ అంచు పట్టుకొని కూర్చున్నాడు. కొంచెం సేపటికి, "రూతమ్మా, ఆ దినమే పోయి ఉంటే..." అన్నాడు. నేను, "మాట్లాడకు. గట్టిగ పట్టుకో, వంకర పోతున్నది" అన్నాను. పట్టుకున్నాడు. ఆయన కన్నీళ్లు అంగీ మీద పడ్డాయి. తుడవొద్దన్నాను, మరక అయితే కానీ అన్నాను. ఆయనను క్షమించానో లేదో నాకు తెలియదు వదినా. నన్ను అడగకు. కుట్టు మాత్రం పూర్తయింది.

గోడకు ఎక్కించినాక వెనక్కి నడిచి చూశాను. ఎక్కడా గోడ కనపడలేదు. వాళ్లు రిబ్బను కత్తిరించారు, ఏదో మాట్లాడారు. మేడం నన్ను కూడా మాట్లాడమన్నది. "వర్షాలు పడేదాక ఉంచుకోండ్రి. ఆ తర్వాత మా ఊరికి పంపండ్రి, అంగీలోళ్లకు చూపియ్యాలె. ఈసారి సందూక మీద పేరు రాయుండ్రి" అన్నాను. చప్పట్లు కొట్టారు. అందులో చప్పట్లు కొట్టేదేమున్నదో నాకు అర్థం కాలేదు.

బయటికి వస్తే మానవపాడు పోయే దారికి బస్సు సిద్ధంగా ఉన్నది. ఆయన మూట కట్టిన గుడ్డ మడతపెట్టుకొని దాని దిక్కు నడుస్తున్నాడు. నాకేమో ఆ గోడను విడిచి ఒక్కసారే అంత దూరం పోబుద్ధి కాలేదు. "అటు కాదు, అమ్రాబాద్ బస్సు ఎప్పుడో అడుగు" అన్నాను. నిలబడిపోయాడు. "ఏంది, నీకు గూడ మీ అక్కకున్న చెవులేనా?" అన్నాను. అప్పుడు పరుగెత్తాడు.

ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే అంతా చెట్లు, కోతులు. పొద్దున లేచి చూస్తే కొండ మీద మబ్బు కూర్చున్నది. పిల్ల చెప్పిన మబ్బు. చాలా సేపు చూశాను. ఏడ్చాను కూడా. ఎవరూ ఆపలేదు, మంచిగనే ఉండింది.

ఇప్పుడు ఇంకొక బాధ. ఆయన చాయ్ తెస్తానని పోయి ఎంత సేపయిందో, ఇంకా లేడు. దారిలో ఎవరితోనో పంటల ముచ్చట పెట్టుకొని ఉంటాడు, ఇంట్లో రాని నోరు బజార్లో వస్తుంది. నువ్వేమో ఇన్ని ఉత్తరాల్లో అన్ని బస్సులూ రాశావు, పదర బస్సు సాయంత్రం లేదన్నావు గాని పొద్దున ఎప్పుడో రాయలేదు. ఇక్కడ ఒక్కొక్కరు ఒక్కో మాట చెప్తున్నారు. ఆడబిడ్డలు ఏ పని చేసినా సగమే.

నీ కాలు ఎట్లున్నది? బెణికిందో లేదో నాకు తెలియదనుకుంటున్నావా? వచ్చేటప్పుడు కొల్లాపూర్‌లో దిగి చూస్తాను. బెణికి ఉంటే కాపడం పెడతాను. బెణకకపోయి ఉంటే నేనే విరగ్గొడతాను.

వస్తున్నాడు. రెండు గ్లాసులూ ఒలకబోసుకుంటూ వస్తున్నాడు, సగం కూడా మిగిలేటట్టు లేదు. ఉండు, పోయి తిట్టి వస్తాను.

రూతమ్మ